సరిహద్దు గ్రామాల్లో పక్షవాతం, గుండెపోటు: ఏళ్ల తరబడి సాగే లెక్కను మనం మొదలుపెట్టగలమా?

ప్రాణహిత తీరం (సిరొంచ, గడ్చిరోలి జిల్లా)

సభ్యులందరికీ నమస్కారం. మా తాలూకాలో నలభై, యాభై ఏళ్ల వయసువారికే కాలూ చేయీ పడిపోవడం, రాత్రి పడుకున్న మనిషి తెల్లవారేసరికి లేవకపోవడం ఇప్పుడు తరచుగా వింటున్నాము. అయితే ఇలాంటివి నిజంగా పెరిగాయా, లేక మనం ఇప్పుడే గమనించడం మొదలుపెట్టామా అన్నది చెప్పగలిగిన లెక్క మా దగ్గర లేదు. జిల్లా కేంద్రం మాకు దాదాపు 200 కిలోమీటర్ల దూరం. అందువల్ల ప్రాణహితనో గోదావరినో దాటి మంచిర్యాలకో, కరీంనగర్‌కో, వరంగల్‌కో రోగిని తీసుకుపోతాము. వైద్యం తెలంగాణలో జరుగుతుంది, మరణం మహారాష్ట్రలోని ఇంటి మంచం మీద జరుగుతుంది, రెండింటినీ కలిపి చూసే పుస్తకం ఎక్కడా ఉండదు.

మా ఊళ్లలో చదువుకున్న యువకులు కొందరు ఇంటింటి వివరాలు రాయడానికి సిద్ధంగా ఉన్నారు. పక్షవాతం, గుండెపోటు, కాళ్ల రక్తనాళాలు మూసుకుపోవడం వంటి వాటిని కొన్ని గ్రామాల్లో ఏళ్ల తరబడి నమోదు చేయడం మనవంటివారికి సాధ్యమేనా, అలాంటి పరిశోధనలు ఎక్కడ ఎలా జరిగాయి, వాటి నుంచి మనం ఏమి నేర్చుకోవాలి అన్నది తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

అహేరి వైద్యుడు

మీరు అడిగిన పని మన జిల్లాలోనే ఒకసారి జరిగింది. మన తెలుగువారిలో చాలామందికి ఆ సంగతి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణి బంగ్ స్థాపించిన సెర్చ్ సంస్థ గడ్చిరోలి దగ్గర శోధగ్రామ్‌లో ఉంది. నవజాత శిశువుల మరణాలను ఇంటి వద్ద సంరక్షణతోనే తగ్గించవచ్చునా అని తెలుసుకోవడానికి వారు 39 గ్రామాల్లో ఆ సేవను అందించి, మరో 47 గ్రామాలతో పోల్చారు. ఆ ఫలితాలు 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. దాని కోసం మొత్తం 86 గ్రామాల్లో ప్రతి పుట్టుకనూ, ప్రతి మరణాన్నీ నమోదు చేసే ఏర్పాటు నిలబడింది. పసిపిల్లల కోసం కట్టిన ఆ ఏర్పాటే తరువాత పెద్దల జబ్బులకు అక్కరకు వచ్చింది. నరాల వైద్య నిపుణుడు డాక్టర్ యోగేశ్వర్ కల్కొండే బృందం 2011 నుంచి 2013 వరకు రెండేళ్లపాటు ఆ 86 గ్రామాల్లో, 94,154 మంది జనాభాలో, జరిగిన మరణాలన్నిటికీ కారణాలు వెతికింది. మొత్తం 1599 మరణాల్లో 229 పక్షవాతం వల్ల జరిగాయి. అంటే ప్రతి ఏడు మరణాల్లో ఒకటి. ఆ పల్లెల్లో అన్ని కారణాల కంటే ముందు నిలిచింది పక్షవాతమే. మలేరియాకు, క్షయకు, పాముకాటుకు పేరుపడిన ప్రాంతం గురించి చెబుతున్న మాట ఇదని గుర్తుంచుకోండి.

ఇంకొక సంగతి మరింత ముఖ్యమైనది. ఆ పక్షవాతపు మరణాల్లో 87 శాతానికి పైగా ఇంట్లోనే జరిగాయి. ఆసుపత్రి రిజిస్టర్లను మాత్రమే చూసి లెక్క కట్టి ఉంటే అందులో అధిక భాగం ఎవరి కంటికీ కనిపించేది కాదు. ఇంట్లో జరిగిన మరణానికి కారణం తెలుసుకోవడానికి శిక్షణ పొందిన మనిషి ఆ కుటుంబం దగ్గర కూర్చుని, మూతి ఒక పక్కకు పోయిందా, మాట తడబడిందా, ఎంతసేపటిలో స్పృహ పోయింది, అంతకుముందు బీపీ మందులు వాడేవారా అని క్రమపద్ధతిలో అడిగి రాసుకుంటారు. ఆ రాతను వైద్యులు చదివి కారణం నిర్ణయిస్తారు. దీనిని మౌఖిక శవపరీక్ష అంటారు. ఇది కత్తితో చేసే పరీక్షంత కచ్చితమైనది కాదు. అయినా వైద్యుడు చేరలేని చోట మరణ కారణాన్ని తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి దారి నాకు కనిపించలేదు.

బల్లార్షా నర్సు

డాక్టరు గారు చెప్పినదానికి నా అనుభవం నుంచి ఒక మాట కలుపుతాను. పక్షవాతం వచ్చి బతికి బయటపడినవారిని లెక్క ఎప్పుడూ మరచిపోతుంది. మా కార్మికవాడల్లో కుడిచేయి పనిచేయక, మాట రాక, ఏళ్ల తరబడి మంచం పట్టి ఉన్నవారు కొందరు ఉన్నారు. వారిని చూసుకోవడానికి కోడలో కూతురో కూలిపని మానుకుంటుంది. మరణాలను మాత్రమే రాస్తే ఆ ఇళ్లలోని భారం ఎక్కడా నమోదు కాదు.

రెండవది ఖర్రా. మన విదర్భలో పొగాకు, వక్క, సున్నం కలిపి నలిపిన ఈ పొట్లం నమలని ఇల్లు అరుదు, ఆడవారు కూడా నములుతారు. పొగ రాదు కాబట్టి గుండెకు హాని లేదని చాలామంది నమ్ముతారు. మీరు ప్రశ్నావళి తయారు చేసేటప్పుడు బీడీ, సిగరెట్ల దగ్గర ఆగిపోకుండా ఖర్రా గురించి విడిగా అడగాలి.

బరంపురం గణాంకం

నేను గణాంకశాస్త్రం బోధిస్తాను. ప్రాణహిత తీరం గారి ప్రశ్నకు జవాబు కొంచెం పొడవుగా రాయక తప్పదు. ఈ విషయంలో పద్ధతి సరిగా లేకపోతే ఎంత కష్టపడి పోగుచేసిన అంకెలైనా దేనికీ పనికిరావు.

జనాభాను ఏళ్ల తరబడి వెంబడించే పరిశోధనల్లో పేరుపొందినది ఫ్రేమింగ్‌హామ్ అధ్యయనం. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఆ పేరుగల పట్టణంలో 1948 నుంచి 2336 మంది పురుషులను, 2873 మంది స్త్రీలను, మొత్తం 5209 మందిని చేర్చుకుని, రెండేళ్లకొకసారి పరీక్షిస్తూ వచ్చారు. వయసు పెరిగేకొద్దీ రక్తపోటు పెరగడం సహజమేననీ, దానివల్ల ప్రమాదం లేదనీ భావించే వైద్యులు ఆ రోజుల్లో చాలామంది ఉండేవారు. ముందుగా కొలిచి పెట్టుకుని, తరువాత ఎవరికి జబ్బు వచ్చిందో ఓపికగా చూసినందువల్ల ఆ అభిప్రాయం తప్పని తేలింది. రక్తపోటు, కొలెస్టరాల్ వంటి ముప్పు కారకాల గురించి విలియం కానెల్ బృందం 1961లో రాసిన పత్రం తరువాతనే ఆ భావన వైద్యంలో స్థిరపడింది. గుండె లయ తప్పి కొట్టుకునే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవారికి పక్షవాతం ముప్పు 5 రెట్లకు పైగా ఉంటుందనీ, దానితోపాటు కీళ్లవాతజ్వరం వల్ల గుండె కవాటం కూడా చెడి ఉన్నవారిలో ఆ ముప్పు 17 రెట్లకు పైగా పెరుగుతుందనీ 1978లో చెప్పినది కూడా ఈ అధ్యయనమే. మన పల్లెల్లో కవాటపు జబ్బుతో బాధపడేవారు ఇంకా ఉన్నారు కాబట్టి ఈ చివరి మాటను మనం ప్రత్యేకంగా పట్టించుకోవాలి. తరువాత 1971లో మొదటివారి పిల్లలను, 2002లో మనుమల తరాన్ని చేర్చుకున్నారు. ఒక పరిశోధనను మొదలుపెట్టినవారు పోయిన తరువాత కూడా అది నడవాలంటే ఎంతటి సంస్థాగతమైన కట్టుబాటు కావాలో దీనిని బట్టి ఊహించవచ్చు.

మీ అవసరానికి ఇంతకంటే దగ్గరగా ఉన్నది ఆక్స్‌ఫర్డ్ వాస్క్యులర్ అధ్యయనం. ఇంగ్లండ్‌లో పీటర్ రాత్‌వెల్ నాయకత్వంలో 2002లో మొదలైంది. అక్కడ ఎంపిక చేసినవారిని కాక, కొన్ని కుటుంబ వైద్యుల దగ్గర పేరు నమోదైన 91 వేలకు పైగా జనాభా మొత్తాన్ని, అన్ని వయసులవారినీ తీసుకున్నారు. మెదడు, గుండె, కాళ్ల రక్తనాళాలు అని విడదీయకుండా, శరీరంలో ఏ రక్తనాళం హఠాత్తుగా మూసుకుపోయినా, పగిలినా నమోదు చేశారు. మొదటి మూడేళ్ల ఫలితాలు 2005లో వచ్చాయి. మొత్తం 2024 ఘటనల్లో మెదడుకు సంబంధించినవి 918, గుండెకు సంబంధించినవి 856, ఇతర రక్తనాళాలవి 188; మరో 62 మరణాలను ఏ కోవలోనూ చేర్చలేకపోయారు. గుండెపోటే పెద్ద సమస్య, పక్షవాతం దాని తరువాతిది అనుకునే దేశంలో మెదడు రక్తనాళాల ఘటనలే ఎక్కువగా ఉన్నాయని తేలింది. అందరినీ ఒకే పద్ధతిలో ఒకేసారి లెక్కించకపోతే ఈ సంగతి తెలిసే అవకాశం లేదు.

ఇక మన లెక్క చూద్దాం. గడ్చిరోలి అంకెల ప్రకారం పక్షవాతపు మరణాలు ఏడాదికి లక్షకు దాదాపు 122. మీరు 10,000 మంది ఉన్న గ్రామాలను తీసుకుంటే ఏడాదికి పన్నెండు మరణాలు ఆశించవచ్చు. ఆ సంఖ్య ఒక ఏడు ఎనిమిదికి తగ్గవచ్చు, మరో ఏడు పదహారుకు పెరగవచ్చు. అది కేవలం యాదృచ్ఛికం. అందువల్ల పెరిగాయా అన్న మీ మొదటి ప్రశ్నకు ఒకటి రెండేళ్లలో, నాలుగైదు ఊళ్లతో జవాబు రాదని ముందుగానే అందరికీ చెప్పి మొదలుపెట్టడం న్యాయం.

రాజురా రైతుబిడ్డ

పెద్దలు చెప్పినదంతా గౌరవంతో చదివాను. అయినా నా అభ్యంతరం చెప్పక తప్పదు. మా నాన్నగారికి పక్షవాతం వచ్చినప్పుడు దగ్గరలోని ఆసుపత్రిలో తల స్కాను తీసే యంత్రం పనిచేయడం లేదు. అక్కడి నుంచి మరో చోటికి పంపేసరికి మందు ఇచ్చే గడువు దాటిపోయింది. ఇలాంటి చోట పదేళ్లు లెక్కలు రాసుకుంటూ కూర్చోవడం కంటే ఆ శ్రమను మాత్రలు పంచడానికి, వాహనం ఏర్పాటు చేయడానికి పెట్టడం మేలు కాదా? పరిశోధకులు వస్తారు, రక్తం తీసుకుంటారు, పత్రాలు రాసుకుంటారు, వెళ్లిపోతారు. మా ఊళ్లకు మిగిలేది ఏమిటి?

అహేరి వైద్యుడు

రైతుబిడ్డ గారూ, మీ బాధ నాకు తెలుసు. గడ్డ కరిగించే మందు లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి, స్కానులో మెదడులో రక్తస్రావం లేదని తేలిన తరువాతనే ఇవ్వాలి. మన దూరాలకు ఆ గడువు ఎంత కఠినమైనదో నేను నా రోగుల్లో చూస్తున్నాను. అయితే లెక్క వేరు, వైద్యం వేరు అన్న మాటను మాత్రం నేను ఒప్పుకోలేను. బరంపురం వారు చెప్పిన ఆక్స్‌ఫర్డ్ అధ్యయనమే దానికి జవాబు.

కొందరికి చేయి తిమ్మిరెక్కి, మాట తడబడి, కొద్దిసేపటిలో అంతా మామూలైపోతుంది. ఇంట్లోవారు నీరసం అనుకుని నిమ్మకాయ నీళ్లు ఇచ్చి ఊరుకుంటారు. వైద్యులు దీనిని టీఐఏ, అంటే తాత్కాలికంగా వచ్చి పోయే పక్షవాతం, అంటారు. ఆసుపత్రుల్లో కూర్చున్నవారికి ఇలాంటి రోగులు కనిపించరు కాబట్టి వారికి ఆ తరువాత ఏమవుతుందో చాలాకాలం సరిగా తెలియలేదు. జనాభా మొత్తాన్ని గమనిస్తున్నందువల్ల ఆక్స్‌ఫర్డ్ బృందం వారిని వెంటనే గుర్తించి వెంబడించగలిగింది. టీఐఏ, లేదా చిన్నపాటి పక్షవాతం వచ్చి క్లినిక్‌కు పంపబడినవారిలో మొదటి దశలో 90 రోజుల్లోపు మళ్లీ పక్షవాతం వచ్చినవారు 10.3 శాతం. అప్పట్లో క్లినిక్‌లో చూసిన తరువాత సలహా కుటుంబ వైద్యునికి చేరి, మొదటి మందు చీటీ రాయడానికి సగటున 20 రోజులు పట్టేది. రెండవ దశలో అపాయింట్‌మెంట్ అవసరం లేకుండా రోజూ చూసి, అక్కడికక్కడే మందు మొదలుపెట్టారు. ఆలస్యం ఒక్క రోజుకు తగ్గింది, మళ్లీ వచ్చే పక్షవాతం 2.1 శాతానికి పడిపోయింది. ఈ ఫలితం 2007లో ప్రచురితమైంది. వాడినవి కొత్త మందులు కావు. ఆస్పిరిన్ వంటి గడ్డకట్టనివ్వని మందులు, రక్తపోటు మాత్రలు, కొలెస్టరాల్ మాత్రలు, అవసరమైన కొద్దిమందికి మెడలోని ధమనికి శస్త్రచికిత్స. ఇందులో చాలా భాగం మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కూడా దొరికేదే. కేవలం త్వరపడటం వల్ల ఎంతమంది కాళ్లూ చేతులూ నిలిచాయో లెక్క పెట్టేవారు ఉన్నందువల్లనే ప్రపంచానికి తెలిసింది.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. ఎవరికైనా మూతి వంకరపోతే ఇంట్లో ఉన్న ఆస్పిరిన్ వేసి ఊరుకోవద్దు. అది రక్తస్రావం వల్ల వచ్చినదైతే హాని కలుగుతుంది. ముందుగా 108కి ఫోను చేసి, లక్షణం ఎన్ని గంటలకు మొదలైందో గుర్తుపెట్టుకుని వైద్యునికి చెప్పాలి.

పర్లాకిమిడి మాస్టారు

మాది గజపతి జిల్లా. ఇక్కడి కథ కూడా సిరొంచ కథ వంటిదే, నది ఒక్కటే తేడా. మా రోగులు పాతపట్నం మీదుగా శ్రీకాకుళానికో విశాఖపట్నానికో పోతారు. అక్కడి ఆసుపత్రి పుస్తకంలో వారు పొరుగు రాష్ట్రపు రోగులు, ఇక్కడి జిల్లా పుస్తకంలో అసలు రోగులే కారు.

ఒడిశాలో జనాభా ఆధారిత పక్షవాత రిజిస్ట్రీ కటక్‌లో ఉంది. భారత వైద్య పరిశోధన మండలికి చెందిన బెంగళూరు కేంద్రం కటక్, వారణాసి, తిరునల్వేలి, కోటా, కచార్ ప్రాంతాల్లో ఇలాంటివి నడిపించింది. కటక్ ఫలితాన్ని మా కొండలకు, మా తెలుగు పేటలకు అలాగే వర్తింపజేయవచ్చునా అన్నది నా సందేహం. తిండి, పని, మందు దొరికే దూరం అన్నీ వేరు. మా దగ్గర పొగాకు వేరొక రూపంలో ఉంది. చాలామంది, ముఖ్యంగా ఆడవారు, గుడాఖుతో పళ్లు తోముకుంటారు. దానిని పొగాకుగానే లెక్కించరు కనుక అడిగితే అలవాటు లేదని చెబుతారు.

మన తెలుగునేల మీద జరిగిన రెండు పనులను కూడా ఇక్కడ ప్రస్తావించాలి. గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2003-04లో మరణ కారణాలు వెతికినప్పుడు 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్ల అని తేలింది. అంటు వ్యాధుల వల్ల జరిగినవి 12 శాతమే. రెండవది నాకు ఎంతో ఇష్టమైనది. హైదరాబాదు పరిసరాల్లోని 29 గ్రామాల్లో 1987-90 మధ్య కొన్ని ఊళ్లలో గర్భిణులకు, పసిపిల్లలకు అదనపు ఆహారం అందింది, కొన్నిటిలో ఇంకా అందలేదు. ఆ పిల్లలను 2003-05లో, వారు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్లవారై ఉండగా, వెతికి పట్టుకుని పరీక్షించారు. ఆహారం అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవుగా ఉండటమే కాక, వారి ధమనుల బిరుసుదనం కూడా తక్కువగా కనిపించింది. జాతీయ పోషకాహార సంస్థ భాగస్వామిగా ఆ పిల్లలతోనూ, వారి తల్లిదండ్రులతోనూ ఆ అధ్యయనం తరువాత కూడా కొనసాగింది. తల్లి కడుపులో ఉన్నప్పటి తిండికీ పెద్దయ్యాక గుండెకూ సంబంధం ఉందా అని అడగాలంటే ఇలా తరాల వెంట నడవడం తప్ప వేరే మార్గం లేదు. అంగన్‌వాడీ పాత రిజిస్టర్లను చెదలకు వదిలివేయవద్దని నేను మా ఊరివారికి చెబుతూ ఉంటాను.

బరంపురం గణాంకం

మాస్టారు, నర్సు గారు చెప్పిన పొగాకు విషయానికి ఒక ఆధారం చేర్చుతాను. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ పరిశోధనలో పొగాకు నమిలేవారికి గుండెపోటు వచ్చే అవకాశం, వాడనివారితో పోలిస్తే, 2 రెట్లకు పైగా ఉన్నట్లు 2006లో చెప్పారు. దక్షిణాసియావారికి మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకే, ఇతరుల కంటే దాదాపు ఆరేళ్లు ముందుగా వస్తున్నట్లు కూడా అందులోనే తేలింది. అయితే అది గుండెపోటు వచ్చినవారిని, రానివారిని పక్కపక్కన పెట్టి గతాన్ని అడిగిన పరిశోధన. ముందుగా కొలిచి తరువాత వెంబడించే పద్ధతికీ దీనికీ తేడా ఉంది. జబ్బుపడిన మనిషి తన పాత అలవాట్లను తలచుకునే తీరు వేరుగా ఉండవచ్చు. రెండు రకాల ఆధారాలూ ఒకే వైపు చూపినప్పుడే మన నమ్మకం బలపడాలి.

మీ పనిలో అన్నిటికంటే కష్టమైనది వలస. సిరొంచ వైపు నుంచి మిరపకాయలు ఏరడానికి తెలంగాణకు వెళ్తారు, మా గంజాం నుంచి సూరత్‌కు వెళ్తారు. వెళ్లినవాడు అక్కడే కూలిపోతే మీ పుస్తకంలో అతడు ఆరోగ్యవంతుడిగానే మిగిలిపోతాడు. కాబట్టి ప్రతి ఇంటినీ ఏడాదికి కనీసం రెండుసార్లు, అందులో ఒకసారి వలసవెళ్లినవారు తిరిగి వచ్చే కాలంలో, చూసి రావాలి. ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఎవరు ఊరు విడిచారు, ఎవరు కోడలిగా వచ్చారు అన్నది రాయాలి. ఎంతమందిలో అన్నది తెలియకుండా ఎంతమందికి వచ్చిందన్న అంకెకు విలువ లేదు.

బల్లార్షా నర్సు

బీపీ కొలిచే పద్ధతి గురించి నేను పట్టుపడతాను. మనిషి అయిదు నిమిషాలు వీపు ఆనించి, కాళ్లు నేలకు ఆనించి కూర్చోవాలి. ఖర్రా, టీ, బీడీ అరగంట ముందు నుంచి మానాలి. చేయి గుండె ఎత్తున ఉండాలి, పట్టీ చేతి లావుకు సరిపోవాలి. ఒక నిమిషం ఎడంతో కనీసం రెండుసార్లు కొలిచి రెండూ రాయాలి. 138, 142 వంటి అంకెలను 140 అని సరిచేసి రాసే అలవాటు మా వృత్తిలో చాలామందికి ఉంది, దానిని మొదటి రోజునే మాన్పించాలి.

అంతకంటే పెద్ద మాట ఒకటి ఉంది. ఒక ఇంట్లో 180 రక్తపోటు కనిపించిన తరువాత దానిని పుస్తకంలో రాసుకుని గడప దాటి వచ్చేసే హక్కు ఎవరికీ లేదు. మందు దొరికే చోటికి ఆ మనిషిని చేర్చే ఏర్పాటు లేకుండా కొలతలు మొదలుపెడితే నేను అందులో ఉండను. రైతుబిడ్డ గారి కోపంలో ఉన్న న్యాయం ఇదేనని నేను అనుకుంటున్నాను.

ప్రాణహిత తీరం (సిరొంచ)

ఇన్ని విషయాలు తెలిపిన అందరికీ కృతజ్ఞతలు. ఇప్పటివరకు విన్నదానిని బట్టి నేను మా ప్రతిపాదనను మార్చుకుంటున్నాను. మొదటి ఏడు ఎవరి రక్తమూ తీయము, ఎవరి బీపీ కొలవము. గ్రామ పంచాయతీ సమ్మతితో ఇంటింటి జనాభా పుస్తకం మాత్రమే తయారు చేస్తాము, ప్రతి మరణాన్నీ నమోదు చేస్తాము, పక్షవాతంతో బతికి ఉన్నవారి పేర్లు కూడా చేర్చుతాము. అడిగేవారిలో తెలుగు, మాడియా (ఇక్కడి గోండుల భాష) రెండూ వచ్చినవారు ఉండేలా చూస్తాము. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మందులు క్రమంగా ఇవ్వగలదని తేలిన గ్రామాల్లోనే రెండవ ఏడు బీపీ కొలతలు మొదలవుతాయి. నది అవతలి ఆసుపత్రుల డిశ్చార్జి కాగితాలను పారవేయకుండా దాచిపెట్టమని ఇప్పటి నుంచే ఇళ్లకు చెబుతాము.

రాజురా రైతుబిడ్డ

ఈ పద్ధతికి నా అభ్యంతరం లేదు, కానీ రెండు షరతులు పెట్టదలచుకున్నాను. పోగుచేసిన లెక్కను ఏడాదికొకసారి గ్రామసభలో తెలుగులోనూ మరాఠీలోనూ చదివి వినిపించాలి. స్కాను యంత్రం ఏ తేదీన పనిచేయలేదు, రోగిని ఎన్ని గంటలకు ఎక్కడికి పంపారు అన్నది కూడా ఆ పుస్తకంలో ఒక గడిగా ఉండాలి. మనిషి ఏ జబ్బుతో పోయాడన్నది రాసేవారు ఏ ఆలస్యంతో పోయాడన్నది కూడా రాయాలి. ఇంకొక ప్రశ్న: రాసే యువకుడు ఉద్యోగం దొరికి నాగపూరు వెళ్లిపోతే పుస్తకం ఎవరి దగ్గర ఉంటుంది?

అహేరి వైద్యుడు

మీ రెండు షరతులూ ఉండవలసినవే. పేర్లు లేకుండా, ఊరిని బట్టి మొత్తాలను మాత్రమే సభలో చదవాలి. కొన్ని జబ్బుల సంగతి బయటపడితే పెళ్లి సంబంధాలు తప్పిపోతాయి. ఆలస్యాల గడిని మౌఖిక శవపరీక్ష ప్రశ్నావళిలోనే చేర్చవచ్చు: లక్షణం మొదలైన సమయం, వాహనం వచ్చిన సమయం, మొదటి ఆసుపత్రికి చేరిన సమయం, స్కాను జరిగిన సమయం.

పుస్తకం ఒకే మనిషి చేతిలో ఉండకూడదు. ఒక ప్రతి ఆరోగ్య ఉపకేంద్రంలో, ఒక ప్రతి సంస్థాగత నైతిక సమీక్షా సంఘం ఉన్న వైద్య కళాశాలలో ఉండాలి. మనుషుల ఆరోగ్య వివరాలు సేకరించే ఏ పరిశోధనకైనా ఆ సంఘం అనుమతి ముందుగా తీసుకోవాలి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. చంద్రపూర్ వైద్య కళాశాలలోని సామాజిక వైద్య విభాగానికి రాయవలసిన లేఖ ముసాయిదాను నేను సిద్ధం చేస్తాను. ప్రాణహిత తీరం గారు ఏ గ్రామాలో, ఒక్కొక్క దానిలో ఎన్ని ఇళ్లో రాసి పంపితే, బరంపురం వారు ఎన్నేళ్లకు ఎన్ని ఘటనలు ఆశించవచ్చో లెక్క కట్టి అందులో చేర్చగలరు.